నాడీకణాలకూ రోగనిరోధక కణాలకూ నడుమ నానోట్యూబులు: అవి చేసేది మేలా, కీడా?

పెన్న_గట్టు (కడప):
సభ్యులందరికీ నమస్కారం. నేను కడపలో ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. నాడీకణాలకూ రోగనిరోధక కణాలకూ మధ్య జరిగే సమాచార మార్పిడిలో నానోట్యూబుల పాత్ర గురించి వచ్చే నెల మా విభాగంలో సెమినారు ఇవ్వాలి. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే సైనాప్సుల దగ్గర రసాయనాలు వదిలి సంకేతాలు పంపుతాయనీ, రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్ల ద్వారానూ ఒకదాన్నొకటి తాకడం ద్వారానూ కబురు అందించుకుంటాయనీ డిగ్రీలో చదువుకున్నాం. ఈ రెండు జాతుల కణాలూ సన్నని గొట్టాలతో నేరుగా కలుసుకుని, ఏకంగా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలనే ఇచ్చిపుచ్చుకుంటాయన్న విషయం ఆ పాఠ్యపుస్తకాల్లో లేదు.

నా చిక్కు ఏమిటంటే, నేను చదివిన ఒక పరిశోధనాపత్రం ఈ గొట్టాలు మెదడులో వ్యాధిని ఒక కణం నుంచి మరో కణానికి మోసుకెళతాయని చెబుతోంది. మరో పత్రం ఇవే చావుకు దగ్గరపడిన నాడీకణాలను బతికిస్తున్నాయని చెబుతోంది. రెండింటినీ ఒకే సెమినారులో ఎలా నిలబెట్టాలో పెద్దలు చెప్పగలరు.

ఎర్రమల (కర్నూలు):
మంచి అంశం ఎంచుకున్నారు. కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని దగ్గర కొన్నేళ్లు పనిచేసినదాన్ని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ఈ కథ 2004లో రెండు చోట్ల దాదాపు ఒకేసారి మొదలైంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హాన్స్-హెర్మన్ గెర్డెస్ బృందం పీసీ12 అనే కణాలను పెంచుతూ, వాటి మధ్య 50 నుంచి 200 నానోమీటర్ల మందం ఉన్న గొట్టాలను గుర్తించింది. ఎలుక అడ్రినల్ గ్రంథిలోని కణితి నుంచి వచ్చిన ఈ కణాలను నాడీకణాలకు బదులుగా ప్రయోగాల్లో వాడుతుంటారు. ఆ గొట్టాల గోడ కణత్వచమే, లోపల ఉన్నది కణానికి ఆకారం, కదలిక ఇచ్చే ఆక్టిన్ అనే ప్రోటీను పోగులు. వాటిగుండా కణాంగాలు ఒక కణం నుంచి మరో కణంలోకి వెళుతున్నట్టు ఆ బృందం చూపింది. అదే ఏడాది లండన్‌లో డేనియల్ డేవిస్ బృందం రోగనిరోధక కణాల మధ్య అలాంటి త్వచనాళాలనే చూపించింది. మరుసటి ఏడాది వాట్కిన్స్, సాల్టర్ అనే ఇద్దరు పరిశోధకులు డెండ్రైటిక్ కణాలు అనే రోగనిరోధక కణాల గుంపులో ఒకదాన్ని సూదిమొనతో కదిలిస్తే, ఆ కణంలో పుట్టిన కాల్షియం సంకేతం గొట్టాల వెంబడి దూరపు కణాలకు క్షణాల్లో చేరుతోందని నిరూపించారు. అంటే నాడీకణాల వంటి కణాల్లోనూ, రోగనిరోధక కణాల్లోనూ ఈ నిర్మాణం మొదటినుంచీ విడివిడిగా కనిపిస్తూనే ఉంది.

ఈ రెండింటినీ కలిపిన పని 2009లో వచ్చింది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కియారా జుర్జోలో బృందం ప్రయాన్ అనే వికృత ప్రోటీను నానోట్యూబుల ద్వారా కణం నుంచి కణానికి పాకుతుందని చూపించింది. అందులోనే ఎలుకల ఎముక మజ్జ నుంచి పెంచిన డెండ్రైటిక్ కణాలు, అంటే రోగనిరోధక కణాలు, నాడీకణాలకు గొట్టాలు సాచి ప్రయాన్‌ను అందించాయన్న ప్రయోగం కూడా ఉంది. మీ అంశానికి అసలైన పునాది అదేనని నా అభిప్రాయం. ఆహారంతో పేగులోకి చేరిన ప్రయాన్ ముందు లింఫ్ కణజాలంలో పెరిగి, తరువాత నరాల్లోకి దూరి, చివరకు మెదడుకు చేరుతుందని అంతకుముందే తెలుసు. లింఫ్ కణజాలం నుంచి నరంలోకి అది ఎలా మారుతుందన్న చోట ఒక ఖాళీ మిగిలి ఉండేది. ఈ గొట్టం ఆ ఖాళీకి ఒక సమాధానం.

గడియారం_వీధి (అనంతపురం):
నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. నానోట్యూబు అనగానే మావాళ్లకు 1991లో సుమియో ఇజిమా వర్ణించిన కార్బన్ నానోట్యూబులే గుర్తుకొస్తాయి. మీరు చెబుతున్నవి అవేనా? టీకాలతో ఒంట్లోకి నానోట్యూబులు ఎక్కిస్తున్నారంటూ ఆ మధ్య వాట్సాప్‌లో తిరిగిన పుకారు వల్ల మా విద్యార్థులు కూడా ఈ ప్రశ్న అడుగుతున్నారు.

ఎర్రమల (కర్నూలు):
పేరు తప్ప వాటికీ వీటికీ సంబంధం లేదండి. మీరు చెప్పేవి కర్బన పరమాణువుల షడ్భుజులతో ఏర్పడిన గట్టి గొట్టాలు. మేము మాట్లాడుతున్నవి కణం తన త్వచాన్నే సాగదీసి తయారుచేసుకునే మెత్తని, తాత్కాలిక నిర్మాణాలు. ఇవి నిమిషాల్లో పుట్టి, కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపే పోతాయి. బయటినుంచి ఎవరూ ఎక్కించనక్కరలేదు. అయితే కార్బన్ నానోట్యూబులకూ నాడీకణాలకూ వేరే కథ ఒకటి ఉంది. ఇటలీలోని ట్రియెస్టేలో 2005లో కార్బన్ నానోట్యూబులు పరిచిన పలకపై హిప్పోకాంపస్ నాడీకణాలను పెంచితే వాటి విద్యుత్ సంకేతాలు హెచ్చినట్టు గమనించారు. అది మెదడుకు ఎలక్ట్రోడ్లు అమర్చే సాంకేతికతకు సంబంధించిన సంగతి కనుక ఈ చర్చలోకి దాన్ని లాగవద్దు.

బురుజు_నీడ (కర్నూలు):
నేను నరాల వ్యాధుల విభాగంలో పనిచేసే వైద్యుణ్ణి. ఎర్రమల గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు కానీ, విద్యార్థిని సెమినారు ఇవ్వబోతున్నారు కనుక కొన్ని హెచ్చరికలు ఇప్పుడే చెప్పడం మంచిదనుకుంటాను.

మొదటిది, ఈ ప్రయోగాల్లో అత్యధికం గాజుపళ్లెంలో పెంచిన కణాల మీద జరిగినవి. పళ్లెంలో కణాలు చదునుగా, విడివిడిగా, చుట్టూ ఖాళీతో ఉంటాయి. మెదడులో అలా ఉండవు. అక్కడ మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు తమ సన్నని కొమ్మలను నిరంతరం సాచుతూ, ముడుస్తూ చుట్టుపక్కల నాడీకణాలను తడుముతూనే ఉంటాయి. అటువంటి చోట ఒక సన్నని గీత కనబడగానే అది కొమ్మా, నానోట్యూబా అని తేల్చడం చాలా కష్టం. రెండవది, ఇది నానోట్యూబే అని తేల్చిచెప్పే ప్రత్యేకమైన ప్రోటీను గుర్తు ఇప్పటికీ లేదు. మూడవది, నానోట్యూబును మాత్రమే ఆపి మరేదీ చెడగొట్టని మందు కూడా లేదు. లాట్రంకులిన్ అనే రసాయనం వాడతారు. అది ఆక్టిన్‌నే దెబ్బతీస్తుంది, ఆక్టిన్ లేకుండా కణంలో ఎన్ని పనులు ఆగిపోతాయో జంతుశాస్త్రం చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

నాడీకణాలకూ మైక్రోగ్లియాకూ నడుమ సంబంధానికి నానోట్యూబు ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడటం కూడా సరికాదు. నాడీకణం ఫ్రాక్టల్‌కైన్ అనే అణువును వెలువరిస్తే మైక్రోగ్లియా దాన్ని తన గ్రాహకంతో పట్టుకుని శాంతిస్తుంది. సీడీ200 అనే ప్రోటీను కూడా అలాంటి పనే చేస్తుంది. 2020లో హంగరీ పరిశోధకులు మైక్రోగ్లియా కొమ్మలు నాడీకణపు దేహం మీద నిర్దిష్టమైన చోట ఆనుకుని, పీ2వై12 అనే గ్రాహకంతో ఆ కణం స్థితిని కనిపెడుతుంటాయని చూపించారు. మెదడు బయట వేగస్ నాడి సంకేతాలు మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) తగ్గిస్తాయని అమెరికాలో కెవిన్ ట్రేసీ బృందం చేసిన పని అందరికీ తెలిసిందే. ఇన్ని దారులున్న చోట ఈ గొట్టం అదనంగా ఏం చేస్తోంది? సెమినారు ఆ ప్రశ్నతోనే మొదలైతే బాగుంటుంది.

ఎర్రమల (కర్నూలు):
డాక్టరు గారి చివరి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. పైన చెప్పిన దారులన్నీ అణువులను, సంకేతాలను పంపుతాయి. పక్కపక్క కణాలను కలిపే సన్నని ద్వారాలైన గ్యాప్ జంక్షన్ల గుండా కూడా సుమారు వెయ్యి డాల్టన్ల లోపు చిన్న అణువులే పోగలవు. ఒక మైటోకాండ్రియానో, చెత్తను అరిగించే ఒక లైసోజోమునో, గడ్డకట్టిన ప్రోటీను ముద్దనో చెక్కుచెదరకుండా ఒక కణపు జీవద్రవ్యంలోంచి మరో కణపు జీవద్రవ్యంలోకి, అదీ ఎంచుకున్న కణానికే, చేర్చడం వాటికి సాధ్యం కాదు. ఈ గొట్టం ప్రత్యేకత అది.

బతికి ఉన్న శరీరంలో ఆధారాలు తక్కువేనన్న మాట ఒప్పుకుంటాను, కానీ బొత్తిగా లేవనడానికి వీల్లేదు. 2008లో ఎలుక కంటి కార్నియాలో రోగనిరోధక కణాల మధ్య ఇలాంటి నాళాలను చూశారు. 2020లో బతికి ఉన్న ఎలుక రెటీనాలో రక్తకేశనాళికల చుట్టూ ఉండే పెరిసైట్ల నడుమ నానోట్యూబులు ఉన్నాయనీ, పక్కపక్క కేశనాళికల్లో రక్తప్రసరణను సమన్వయం చేయడానికి అవి అవసరమనీ తేలింది. అయితే వీటిలో ఏదీ నాడీకణానికీ రోగనిరోధక కణానికీ నడుమ గొట్టం కాదు. ఆ విషయం మీ సెమినారులో దాచకుండా చెప్పాలి.

పెన్న_గట్టు (కడప):
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎర్రమల మేడం, పళ్లెంలోనైనా అది నానోట్యూబేనని ఎలా నిర్ధారిస్తారు? కణం అంచున మొలిచే సన్నని వేళ్లలాంటి ఫిలోపోడియా కూడా ఆక్టిన్‌తోనే ఉంటాయి కదా. ఎవరైనా ప్రశ్న వేస్తే నేను తడబడకూడదు.

ఎర్రమల (కర్నూలు):
ఇది రాసి చెప్పేదానికన్నా చూపించాల్సిన విషయం. అయినా ప్రయత్నిస్తాను.

గోధుమ బీజాంకురం నుంచి తీసే లెక్టిన్ అనే, చక్కెరలకు అంటుకునే ఒక ప్రోటీనుకు మెరిసే రంగు తగిలించి కణాల మీద పోస్తే త్వచమంతా వెలుగుతుంది. ముందు సూక్ష్మదర్శిని ఫోకస్‌ను పళ్లెం అడుగున నిలపాలి. అక్కడ కణాల పాదాలు, వాటి అంచుల నుంచి గాజుకు అంటుకుని ఉన్న ఫిలోపోడియా స్పష్టంగా కనిపిస్తాయి. మరలను మెల్లగా తిప్పుతూ ఫోకస్‌ను కొన్ని మైక్రోమీటర్లు పైకి తెచ్చేసరికి అడుగున ఉన్నవన్నీ మసకబారిపోతాయి, అప్పటిదాకా లేని ఒక తిన్నని గీత రెండు కణాల నడుమ తేలుతుంది. అది గాజును ఎక్కడా తాకదు. పళ్లెం అడుగుకు అంటని గీత కావడమే మొదటి పరీక్ష. అదృష్టం బాగుంటే దాని మీద ఒక చిన్న ఉబ్బు ఒక కణం వైపు నుంచి రెండో కణం వైపు జరుగుతూ కనిపిస్తుంది. లోపల ఏదో సరుకు వెళుతోందన్నమాట. లేజరు వెలుతురు కాస్త ఎక్కువసేపు పడినా, పోషక ద్రవాన్ని కాస్త గట్టిగా మార్చినా అది పుటుక్కున తెగి రెండు వైపులా ముడుచుకుపోతుంది. కణాలను స్థిరపరిచే ఫార్మలిన్ ద్రావణం పోసేటప్పుడు చేయి వణికితే ఆనాటి పని మొత్తం దండగ.

రెండో పరీక్ష, విభజన పూర్తికాని జంట కణాల నడుమ మిగిలే వంతెనను తీసివేయడం. అందులో మైక్రోట్యూబ్యూల్స్ అనే లావుపాటి ప్రోటీను పోగులు, మధ్యలో మిడ్‌బాడీ అనే ముద్ద ఉంటాయి. సన్నని నానోట్యూబులో ప్రధానంగా ఆక్టిన్ ఉంటుంది. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. 2006లో డేవిస్ బృందమే మాక్రోఫేజులనే మానవ రోగనిరోధక కణాల్లో రెండు రకాల గొట్టాలను వేరుచేసింది. సన్ననివాటిలో ఆక్టిన్ ఒక్కటే ఉండగా, 0.7 మైక్రోమీటర్లకు మించి లావున్నవాటిలో మైక్రోట్యూబ్యూల్స్ కూడా ఉన్నాయి, వాటి లోపల సంచులు రెండు దిశల్లో తిరిగాయి. కనుక మైక్రోట్యూబ్యూల్ కనబడగానే కొట్టిపారేయడమూ కుదరదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సరుకు గొట్టంగుండానే వెళ్లిందా, లేక దాత కణం ద్రవంలోకి విడిచిన సంచులను గ్రహీత కణం మింగిందా? దీన్ని తేల్చడానికి దాత కణాలు పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసి గ్రహీత కణాల మీద పోస్తారు, లేదా సన్నని రంధ్రాల జల్లెడ పొరకు అటూ ఇటూ రెండు రకాల కణాలను పెంచుతారు. ద్రవం పారాలి, కణాలు తాకకూడదు. అప్పుడు కూడా సరుకు అదే మోతాదులో చేరితే అది నానోట్యూబు గొప్పతనం కాదు. ఏ పరిశోధనాపత్రం తెరిచినా ముందు ఈ నియంత్రణ ప్రయోగం ఉందా అని వెతకండి. లేకపోతే అందులోని రంగురంగుల బొమ్మలు ఎంత అందంగా ఉన్నా నేను నమ్మను.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కథ వేరే. 2019లో జుర్జోలో బృందం అతిశీతలంలో గడ్డకట్టించే క్రయో పద్ధతిలో నాడీకణ జాతి కణాలను చూసినప్పుడు, మామూలు సూక్ష్మదర్శినిలో ఒకే గొట్టంగా కనిపించినది నిజానికి పక్కపక్కన పడుకున్న మరింత సన్నని గొట్టాల కట్ట అని తేలింది. వెలుతురుతో పనిచేసే సూక్ష్మదర్శినికి సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండింటిని విడదీసి చూపే శక్తి లేదు కనుక అప్పటిదాకా ఆ సంగతి బయటపడలేదు.

బురుజు_నీడ (కర్నూలు):
ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఈ వ్యాఖ్యను వేదికలో పైన నిలిపి ఉంచమని నిర్వాహకులను కోరుతున్నాను.

ఇక విద్యార్థిని అసలు ప్రశ్నకు, అంటే మేలా కీడా అన్నదానికి వస్తాను. పార్కిన్‌సన్స్ వ్యాధిలో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీను నాడీకణాల్లో పోగులుగా గడ్డకడుతుంది. 2016లో జుర్జోలో బృందం ఆ పోగులు లైసోజోముల్లో కూర్చుని నానోట్యూబుల గుండా పక్క నాడీకణంలోకి వెళ్లి, అక్కడి మంచి ప్రోటీనును కూడా గడ్డకట్టిస్తాయని చూపించింది. ఇది కీడు పక్షం. 2021లో జర్మనీలోని బాన్ నగరంలో మిఖాయెల్ హెనెకా బృందం మైక్రోగ్లియాల మీద చేసిన పని చూడండి. మోయలేనన్ని పోగులు మింగిన మైక్రోగ్లియా పక్కనున్న ఖాళీ మైక్రోగ్లియాలకు గొట్టాలు సాచి తన భారాన్ని పంచింది, అవి బదులుగా ఆరోగ్యవంతమైన మైటోకాండ్రియాలను పంపాయి. పంచుకున్న కణాల్లో మంట తగ్గింది, చావు తగ్గింది. 2024లో అదే పరిశోధకులు మరో అడుగు వేసి, మైక్రోగ్లియా నేరుగా నాడీకణాలతో గొట్టాలు కలుపుకుని వాటిలోని ఆల్ఫా సిన్యూక్లిన్, టావ్ అనే ప్రోటీన్ల ముద్దలను బయటికి లాగుతాయనీ, తమ మైటోకాండ్రియాలను వాటికి ఇస్తాయనీ ప్రకటించారు. ఇది మేలు పక్షం.

మన కర్నూలు-కడప (కె.సి.) కాలువలో నీళ్లతో పాటు గుర్రపుడెక్కా కొట్టుకొస్తుంది, అందులో కాలువ తప్పేమీ లేదు. అవతలి చివర ఉన్నది సరుకును అరిగించుకోగల కణమా కాదా అన్నదే ఇక్కడ తేడా. మైక్రోగ్లియా లైసోజోములు ఈ ముద్దలను చాలావరకు విరగ్గొట్టగలవు. నాడీకణానికి ఆ శక్తి తక్కువ. అందుకే నాడీకణం నుంచి నాడీకణానికి వెళ్లిన ముద్ద వ్యాధిని పెంచితే, మైక్రోగ్లియాకు వెళ్లిన ముద్ద నశించే అవకాశం ఉంటుంది.

ఎర్రమల (కర్నూలు):
దీనికి 2023లో జుర్జోలో బృందం మానవ నాడీకణ జాతి కణాలను, మానవ మైక్రోగ్లియా కణాలను కలిపి పెంచిన ప్రయోగం బలం చేకూరుస్తుంది. ఆల్ఫా సిన్యూక్లిన్ ప్రధానంగా నాడీకణం వైపు నుంచి మైక్రోగ్లియాకు వెళ్లింది, మైటోకాండ్రియాలు మైక్రోగ్లియా నుంచి నాడీకణం వైపు వచ్చాయి. ముద్దలతో నిండిన నాడీకణాల్లో లైసోజోములు దెబ్బతిన్నాయి, మైక్రోగ్లియాలో లైసోజోములు మెరుగ్గా పనిచేశాయి. పారిస్, బాన్ పరిశోధకులు వేర్వేరు కణాలతో, వేర్వేరు పద్ధతులతో పనిచేసి ఒకే దిశకు చేరుకోవడం నాకు ముఖ్యమనిపిస్తుంది.

కానీ డాక్టరు గారి సూత్రానికి ఒక సవరణ చేస్తాను. రోగనిరోధక కణం చేతికి చిక్కిన ప్రతిదీ అరిగిపోతుందని కాదు. 2009 నాటి ప్రయాన్ ప్రయోగంలో వ్యాధిని నాడీకణానికి అందించింది రోగనిరోధక కణమే. డెండ్రైటిక్ కణం ప్రయాన్‌ను పూర్తిగా నాశనం చేయలేక దాన్ని వెంటబెట్టుకుని తిరిగింది. సరుకు ఏమిటి, కణం ఏ స్థితిలో ఉంది అన్న రెండూ చూడాలి.

చిత్రావతి (అనంతపురం):
నేను సైన్సు చదివినవాణ్ణి కాను, క్షమించండి. మా నాన్నగారు ధర్మవరంలో పట్టుమగ్గం నేసేవారు. నాలుగేళ్లుగా పార్కిన్‌సన్స్ ఉంది. తెగిన పోగును అతికించేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలవక, పోగు జారిపోతుండటం ముందుగా మా అమ్మ గమనించింది. ఇప్పుడు మగ్గం మానేసి నాతో ఉంటున్నారు. మందులు వాడుతున్నాం.

ఈ మధ్య ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రివారు ఫోన్ చేసి, కణాల మధ్య నానోట్యూబుల ద్వారా కొత్త మైటోకాండ్రియాలు మెదడుకు చేరేలా ఇంజెక్షన్లు ఇస్తామనీ, వణుకు పూర్తిగా పోతుందనీ చెప్పారు. అడిగిన మొత్తం మాకు ఇల్లు తాకట్టు పెడితే తప్ప రాదు. మీ చర్చలో అవే మాటలు కనిపించాయి కనుక అడుగుతున్నాను. డాక్టరు గారూ, ఇది నిజంగా ఉన్న వైద్యమేనా?

బురుజు_నీడ (కర్నూలు):
అన్నా, ఇల్లు తాకట్టు పెట్టవద్దు. నానోట్యూబుల మీద ఆధారపడి పార్కిన్‌సన్స్‌కు ఆమోదం పొందిన వైద్యం ఏదీ లేదు. మేము ఇక్కడ మాట్లాడుకుంటున్నది పళ్లాల్లోని కణాల మీద, కొంతవరకు ఎలుకల మీద జరిగిన పని. చేతికో నడుముకో వేసిన ఇంజెక్షన్‌లోని మైటోకాండ్రియా రక్తంలోంచి మెదడుకు వెళ్లి, అక్కడ అనువైన మైక్రోగ్లియాలో చేరి, గొట్టం ద్వారా సరిగ్గా జబ్బుపడిన నాడీకణానికి అందుతుందనడం మాటల గారడీ. అలా జరుగుతుందని ఎవరూ మనుషుల్లో చూపలేదు. నిజమైన క్లినికల్ ప్రయోగమైతే దానికి నైతిక సంఘం అనుమతి, ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటాయి. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గర లక్షలు వసూలు చేయరు. ఆ నమోదు సంఖ్య చెప్పమని వారినే అడగండి.

మీ నాన్నగారికి పార్కిన్‌సన్స్ మందు లెవోడోపా ఇస్తుంటే, భోజనానికీ మాత్రకూ నడుమ ఎంత విరామం ఉంటోందో గమనించండి. పప్పు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరిలో మందు సరిగా ఒంటబట్టదు. మాత్ర వేసిన ఎంతసేపటికి చేయి తేలికవుతోంది, మళ్లీ ఎప్పుడు బిగుసుకుంటోంది అన్నది ఒక నోటుపుస్తకంలో వారంపాటు రాసి మీ నరాల వైద్యుడికి చూపించండి. మోతాదును, వేళలను సరిచేయడానికి ఆ కాగితం బాగా పనికొస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ మందు ఒక్కసారిగా ఆపవద్దు.

చిత్రావతి (అనంతపురం):
చాలా కృతజ్ఞతలు సార్. నమోదు సంఖ్య అడిగితే రేపు చెబుతామని ఫోన్ పెట్టేశారు. ఇంతవరకు మళ్లీ చేయలేదు.

నిర్వాహకుడు:
ఆ ఆసుపత్రి పేరును ఇక్కడ ప్రస్తావించవద్దని సభ్యులకు మనవి. చర్చ అంశం మీదనే కొనసాగించండి.

గడియారం_వీధి (అనంతపురం):
మైటోకాండ్రియా పక్క కణానికి చేరుతుందన్న మాట నానోట్యూబుతోనే ముడిపడి ఉండాలా? 2016లో పక్షవాతం వచ్చిన ఎలుకల మెదడులో ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు నాడీకణాలకు మైటోకాండ్రియాలు ఇచ్చాయన్న వార్త నేను చదివాను. నా రెండో ప్రశ్న భౌతికశాస్త్రానిది. ఈ గొట్టంగుండా విద్యుత్ సంకేతం పోగలదా?

ఎర్రమల (కర్నూలు):
మీరు చెప్పిన 2016 ప్రయోగంలో మైటోకాండ్రియాలు గొట్టంగుండా కాక, ఆస్ట్రోసైట్లు బయటికి వదిలిన కణికల్లో చేరాయి. సీడీ38 అనే ప్రోటీను ఆ విడుదలకు తోడ్పడింది. నేను పైన జల్లెడ పొర ప్రయోగం గురించి అంత పట్టుబట్టింది ఇందుకే. మన దేశంలో కూడా దీనికి సంబంధించిన మంచి పని జరిగింది. ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. అనే జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు 2014లో మిరో1 అనే ప్రోటీను ఎక్కువగా ఉన్న మూలకణాలు ఊపిరితిత్తుల కణాలకు మైటోకాండ్రియాలను మరింత సమర్థంగా అందిస్తాయని చూపించారు. కణం లోపల మైటోకాండ్రియాను మోసే యంత్రాంగానికి తగిలించే కొక్కెం వంటి ప్రోటీను అది.

విద్యుత్తు విషయానికి వస్తే, పోగలదు. గెర్డెస్ బృందమే 2010లో నానోట్యూబుతో కలిసిన రెండు కణాల్లో ఒకదాని వోల్టేజీని మార్చితే రెండోదానిలో కూడా మార్పు వచ్చిందని కొలిచింది. కానీ గొట్టం ఉన్నంతమాత్రాన సరిపోలేదు, దాని చివర గ్యాప్ జంక్షన్ ఉన్నప్పుడే సంకేతం దాటింది. 2012లో ఎదుగుతున్న నాడీకణాలు దూరపు ఆస్ట్రోసైట్లతో ఇలాంటి తాత్కాలిక సంబంధం పెట్టుకోవడమూ చూశారు. నాడీకణానికీ మైక్రోగ్లియాకూ నడుమ అలాంటి విద్యుత్ సంబంధం ఉందని మాత్రం దీన్నిబట్టి ఊహించకూడదు.

పెన్న_గట్టు (కడప):
ఇంకొక్క సందేహం. గొట్టం రెండు చివర్లూ తెరిచే ఉంటాయా? టీ కణాలనే రోగనిరోధక కణాల్లో మూసి ఉంటుందని ఒకచోట చదివాను. మూసి ఉంటే సరుకు ఎలా దాటుతుంది?

ఎర్రమల (కర్నూలు):
అన్ని కణాల్లో ఒకేలా ఉండదు. 2008లో డేవిస్ బృందం టీ కణాల నానోట్యూబుల్లో గొట్టానికీ రెండో కణానికీ నడుమ ఒక సంధి ఉంటుందనీ, రెండు జీవద్రవ్యాలు కలిసిపోవనీ చూపించింది. అయినా హెచ్.ఐ.వి. ఆ గొట్టాల వెంబడి ఒక టీ కణం నుంచి మరోదానికి చేరింది, చివర్లో గ్రాహకం సాయంతో లోపలికి దూరింది. టీ కణాల్లో గొట్టం పుట్టే తీరు కూడా వేరు. రెండు కణాలు కొన్ని నిమిషాలు ఆనుకుని, ఆ తరువాత విడిపోయి దూరం జరుగుతున్నప్పుడు వాటి నడుమ త్వచం సాగి గొట్టమవుతుంది. నాడీకణ జాతి కణాల్లోనైతే ఒక కణం తానే మొలకలా చాచి అవతలిదాన్ని చేరుకోవడం ఎక్కువ. క్రయో చిత్రాల్లో వాటి చివర్లు తెరిచి ఉన్నాయి. మైటోకాండ్రియా దాటడానికి తెరిచిన గొట్టమే కావాలి.

అందుచేత సెమినారులో "రోగనిరోధక కణాలు" అని గంపగుత్తగా అనకుండా టీ కణం, డెండ్రైటిక్ కణం, మాక్రోఫేజ్, మైక్రోగ్లియా అని ప్రతిచోటా పేరు పెట్టి చెప్పండి. నాడీకణంతో గొట్టం కలిపినట్టు నేను పైన చూపినవి డెండ్రైటిక్ కణం, మైక్రోగ్లియా మాత్రమే.

బురుజు_నీడ (కర్నూలు):
జన్యువుల సంగతి చెప్పకుండా వదిలేయవద్దు. కీడా మేలా అన్న ప్రశ్నకు వైద్యుల దృష్టిలో బలమైన సాక్ష్యం అదే. ఎల్.ఆర్.ఆర్.కె.2 అనే జన్యువులో జీ2019ఎస్ అనే మార్పు పార్కిన్‌సన్స్‌కు తెలిసిన వంశపారంపర్య కారణాల్లో ముఖ్యమైనది. హెనెకా బృందం 2021లో ఆ మార్పు ఉన్న మైక్రోగ్లియాలు గొట్టాల ద్వారా భారం పంచుకోవడంలో వెనకబడ్డాయని చూసింది. 2024 పత్రంలో దానికి తోడు ట్రెమ్2 జన్యువు కూడా వచ్చింది. ట్రెమ్2లోని కొన్ని మార్పులు అల్జీమర్స్ ముప్పును పెంచుతాయని 2013 నుంచీ తెలుసు. ఈ రెండు జన్యువుల్లో లోపమున్న మైక్రోగ్లియాలు నాడీకణాలను ఈ దారిలో ఆదుకోవడంలో విఫలమయ్యాయి. మనుషుల్లో వ్యాధి తెచ్చే మార్పు, పళ్లెంలో గొట్టం పనిని చెడగొట్టడం ఒకేచోట కలిశాయి. ఈ జన్యువులు కణంలో ఇంకా చాలా పనులు చేస్తాయి కనుక ఇది కారణమని ఇప్పుడే తేల్చలేం, కానీ నా సందేహాన్ని సగం తగ్గించింది మాత్రం ఇదే.

పెన్న_గట్టు (కడప):
అయితే 2009 నాటి ప్రయాన్ ప్రయోగంతో మొదలుపెట్టి, 2016 నాటి కీడు, 2021, 2023, 2024 నాటి మేలు వరుసగా చూపి, చివర జన్యువుల దగ్గర ఆపుతాను. ఏ ప్రయోగం పళ్లెంలో జరిగిందో, ఏది ఎలుకలో జరిగిందో ప్రతి స్లైడు మూలన రాస్తాను. ఎం-సెక్ అనే ప్రోటీను గురించి కూడా చేర్చాలా మేడం?

ఎర్రమల (కర్నూలు):
ఒక వాక్యం చాలు. 2009లో జపాను పరిశోధకులు అది రాల్ఎ అనే ప్రోటీనుతో, ఎక్సోసిస్ట్ అనే ప్రోటీన్ల సముదాయంతో కలిసి గొట్టం మొలకెత్తడానికి తోడ్పడుతుందని చూపించారు. ఎవరైనా ప్రశ్నిస్తే అది మాక్రోఫేజ్ వంటి కణాల్లో ఎక్కువగా కనిపించే ప్రోటీను అనీ, అన్ని కణాల్లోనూ గొట్టానికి అదే కారణం కాదనీ చెప్పండి. స్లైడ్లు తయారయ్యాక ఇక్కడే పెట్టండి, నియంత్రణ ప్రయోగాల భాగం నేను చూసిపెడతాను.